పాత మర లెన్సులకు ఏ రింగు పడితే ఆ రింగు పనికిరాదు

సంపాదకుల వారికి,

అయ్యా,

పాత ఫిల్మ్ కెమెరాల లెన్సులను అడాప్టర్ల (లెన్సుకూ కెమెరాకూ నడుమ బిగించే రింగుల) సాయంతో నేటి డిజిటల్ కెమెరాలకు తగిలించుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. అటకెక్కిన వస్తువులకు మళ్ళీ పని కల్పించవచ్చునన్న ఆ వ్యాసం ఉద్దేశంతో నాకు పేచీ లేదు. పైగా ఇలాంటి విషయానికి ఒక తెలుగు పత్రిక చోటిచ్చినందుకు సంతోషించాను. అయితే, కొద్దిపాటి డబ్బు పెట్టి ఒక రింగు కొనుక్కుంటే ఏ పాత లెన్సునైనా ఏ కొత్త కెమెరాకైనా బిగించుకోవచ్చునన్నట్టు రాసిన భాగం మాత్రం సరికాదు. లెన్సు బిగుసుకోవడం వేరు, బిగిసిన లెన్సుతో బొమ్మ స్పష్టంగా రావడం వేరు. ఈ రెండింటికీ నడుమ ఒక కొలత ఉంది. ఆ కొలత చెప్పకుండా రింగు కొనుక్కోమనడం వల్ల నష్టపోయేది ముఖ్యంగా లోపల కదిలే అద్దం ఉండే నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు ఉన్నవారు కనుక, వారు తొందరపడి దుకాణానికి వెళ్ళక ముందే ఈ నాలుగు మాటలు వారికి చేరాలని రాస్తున్నాను.

ఈ సంగతి మిగతా ఊళ్ళవారికన్నా విశాఖవాసులకు ఎక్కువ అక్కరకు వస్తుందని నా నమ్మకం. ఇప్పుడు ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిచి ఉన్న కుర్సురా జలాంతర్గామి సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో రీగాలో మన నౌకాదళంలో చేరింది. మన ఉక్కు కర్మాగారం కూడా సోవియట్ సహకారంతో రూపుదిద్దుకున్నదే. శిక్షణకో, పని మీదనో ఆ దేశం వెళ్ళి వచ్చినవారు తెచ్చుకున్న సామానులో జెనిట్ కెమెరా తరచు కనిపించేది. అందువల్ల గాజువాక నుంచి ఎంవీపీ కాలనీ దాకా ఎన్నో ఇళ్ళ బీరువాల్లో, తోలు సంచిలో, హీలియోస్ 44-2 అనే 58 మి.మీ. లెన్సు ఇప్పటికీ ఉండవచ్చు. కెమెరాలోని షట్టర్ గుడ్డ గట్టిపడి పాడై ఉండవచ్చు గాని, లెన్సులో ఉన్నది గాజు, లోహం, కాస్త గ్రీజు మాత్రమే కనుక అది సాధారణంగా పనికొచ్చే స్థితిలోనే ఉంటుంది. పాత సామాను కొనేవారికి కెమెరాను తూకానికి వేసే ముందు కనీసం ఆ లెన్సును విప్పి పక్కన పెట్టుకోమని అందరికీ నా మనవి.

ఈ లెన్సుల వెనుక ఉండే మర 42 మి.మీ. వ్యాసం కలది, ఒక చుట్టు తిప్పితే సరిగ్గా 1 మి.మీ. లోపలికి దిగుతుంది. అందుకే దీన్ని ఎం42 అంటారు. 1949లో డ్రెస్డెన్‌లో తయారైన కాంటాక్స్ ఎస్ కెమెరాతో ఇది వాడుకలోకి వచ్చింది. తరువాత తూర్పు జర్మనీ ప్రాక్టికాలు, జపాన్ పెంటాక్స్‌లు, తొలినాటివి తప్ప సోవియట్ జెనిట్లు దీన్నే వాడాయి. ఏ ఒక్క కంపెనీ గుత్తసొత్తూ కాదు కనుక ఒక దేశపు లెన్సు మరో దేశపు కెమెరాకు నేరుగా పట్టేది. పెంటాక్స్ కంపెనీ 1975లో మరను విడిచి, కాస్త తిప్పితే బిగుసుకునే కె బయోనెట్‌కు మారినప్పుడు కూడా అసలు కొలతను మార్చలేదు. నేటి పెంటాక్స్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవారికి ఆ కారణంగా ఏ చిక్కూ లేదు.

ఆ అసలు కొలత ఏమిటంటే, లెన్సు వచ్చి కెమెరా ముఖానికి ఆనే చోటు నుంచి లోపల ఫిల్మ్ లేదా బొమ్మను పట్టే సెన్సర్ దాకా ఉండే దూరం. ఎం42లో ఇది 45.46 మి.మీ. లెన్సు తయారుచేసినవారు ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకుని, ఫోకస్ రింగును చివరిదాకా తిప్పితే ఆకాశంలోని చంద్రుడు కూడా స్పష్టంగా పడేట్టు అమర్చారు. కొత్త కెమెరాలో ఆ దూరం 45.46 కన్నా తక్కువైతే, తగ్గిన మేరకు అడాప్టర్ మందంతో పూడ్చవచ్చు. ఎక్కువైతే మాత్రం లెన్సును కెమెరా కడుపులోకి దూర్చడం తప్ప దారి లేదు, అది కుదిరే పని కాదు. సోనీ ఇ మౌంటులో (మౌంటు అంటే లెన్సు కెమెరాకు బిగుసుకునే అమరిక) ఈ దూరం 18 మి.మీ. కనుక 27.46 మి.మీ. పొడవైన గొట్టం లాంటి అడాప్టర్ పెడితే లెన్సు తన పాత స్థానానికే చేరుతుంది. ఫ్యూజీ ఎక్స్ 17.7, మైక్రో ఫోర్ థర్డ్స్ 19.25, కెనాన్ ఆర్‌ఎఫ్ 20. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మౌంట్లైన వీటన్నిటిలోనూ కావలసినంత చోటుంది. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఇఎఫ్ మౌంటు 44 మి.మీ. కాబట్టి అక్కడ అడాప్టర్‌కు మిగిలేది 1.46 మి.మీ. మాత్రమే, అయినా పని జరుగుతుంది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు వాడే ఎఫ్ మౌంటులో మాత్రం ఈ దూరం 46.5 మి.మీ. అంటే లెన్సు ఉండవలసిన చోటు కన్నా కనీసం 1.04 మి.మీ. ముందుకు జరిగి కూర్చుంటుంది.

ఒక్క మిల్లీమీటరుకే ఏమవుతుందని అనుకునేవారికి లెక్క చెబుతాను. లెన్సు నాభ్యంతరాన్ని (లెన్సు మీద మి.మీ.లలో రాసి ఉండే అంకెను) దానితోనే గుణించి, వచ్చినదాన్ని లెన్సు ముందుకు జరిగిన దూరంతో భాగిస్తే, ఆ లెన్సు స్పష్టంగా చూపగల గరిష్ఠ దూరం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 50 మి.మీ. లెన్సుకు 2500ను 1.04తో భాగించాలి, వచ్చేది సుమారు 2,400 మి.మీ. అంటే రెండున్నర మీటర్లు దాటి ఉన్నదేదీ ఆ లెన్సులో సూటిగా పడదు. మా వీధి కుర్రవాడొకడు, నగరంలోని ఒక దుకాణంలో నికాన్‌కు సరిపోతుందని చెబితే నమ్మి రింగు కొని, తాతగారి పెంటకాన్ అనే ఎం42 లెన్సును దానికి బిగించుకుని కైలాసగిరి ఎక్కాడు. ఇంటి పెరట్లో మందార కేసరం మీది పుప్పొడిని విడివిడిగా చూపించిన ఆ లెన్సు, కొండ మీద నుంచి తీసిన బొమ్మల్లో తీరాన్నీ, బీచ్ రోడ్డునూ, అలల నురగనూ కలిపి ఒకటే మసక చేసింది. "లెన్సు పాడైపోయింది మాస్టారూ, దగ్గరిది బాగానే చూపిస్తోంది గాని దూరం కనబడటం లేదు" అంటూ నా దగ్గరికి తెచ్చాడు. లెన్సుకు ఏ జబ్బూ లేదు. దుకాణంవారిని అడిగితే, మర బిగుసుకుందా లేదా అన్నది మాత్రమే తమ పూచీ అన్నారట. వారి మాటలో అబద్ధం లేదు, అబ్బాయికి ఉపయోగమూ లేదు.

నికాన్ కోసం మధ్యలో చిన్న గాజు బిళ్ళ అమర్చిన అడాప్టర్లు కూడా అమ్ముతారు. ఆ గాజు దూరాన్ని సరిచేస్తుంది. బదులుగా లెన్సు నాభ్యంతరాన్ని కొంచెం పెంచి, ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచినప్పుడు బొమ్మను మెత్తబరుస్తుంది. తూర్పు జర్మనీలోని జెనా, సోవియట్ యూనియన్‌లోని క్రాస్నోగోర్స్క్ కర్మాగారాల్లో శ్రద్ధగా సానపట్టిన గాజుకు వెనకాల చౌక గాజు ముక్క తగిలించడం నాకైతే మనసొప్పదు. దానికి తోడు నికాన్ డి3000, డి5000 వరుసల చిన్న కెమెరాలు ఇలాంటి లెన్సుతో వెలుతురును కొలవవు. ఎక్స్‌పోజరు అంతా చేత్తో అంచనా వేసుకోవలసిందే. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మాత్రమే ఉన్నవారు పూలకూ, పురుగులకూ, పాత నాణేలకూ పరిమితమైతే గాజు లేని రింగు చాలు, లేకపోతే కొనకపోవడమే మేలు. వింత ఏమిటంటే, అదే కంపెనీ 2018లో తెచ్చిన జడ్ మౌంటు కెమెరాల్లో ఈ దూరం 16 మి.మీ. మాత్రమే, నేను పైన చెప్పిన వాటన్నిటిలోకీ ఇదే తక్కువ. ఒకే పేరున్న రెండు కెమెరాల్లో ఒకటి ఎం42కు పూర్తిగా అడ్డు, ఇంకొకటి రాచబాట. రింగు కొనేటప్పుడు కంపెనీ పేరు చెబితే చాలదని, మౌంటు పేరు చెప్పాలని ఇందుకే అంటున్నాను.

కెనాన్ విషయంలోనూ ఒక్క హెచ్చరిక ఉంది. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ చట్రమంత సెన్సర్ ఉన్న) డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం పెద్దది. కొన్ని పాత లెన్సుల వెనుక భాగం, ఫోకస్‌ను దూరానికి తిప్పినప్పుడు, ఆ అద్దం పైకి లేచే దారిలోకి వస్తుంది. అద్దం లెన్సుకు తగిలి ఆగితే మొదట వినపడే శబ్దాన్ని బట్టే చెయ్యి తీసేయాలి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దమే లేదు కనుక ఆ గొడవ లేదు.

ఇక మిర్రర్‌లెస్ ఉన్నవారు కూడా రింగు దొరికింది కదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు, ఎందుకంటే అడాప్టర్ మందం చెప్పినంతే ఉండాలి. 27.46 ఉండవలసినది పదోవంతు మిల్లీమీటరు ఎక్కువైతే, పై లెక్క ప్రకారమే 50 మి.మీ. లెన్సు 25 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, 28 మి.మీ. లెన్సు ఎనిమిది మీటర్లు కూడా దాటదు. తయారీదారులకు ఇది తెలుసు కాబట్టి చాలామంది కావాలనే ఒక పిసరు పలుచగా చేస్తారు. అప్పుడు లెన్సు మీది దూరపు అంకెలు తప్పుతాయి గాని దూరం మాత్రం అందుతుంది. ఈ రెండు లోపాల్లో పలుచనే నయం.

దీన్ని పరీక్షించుకోవడానికి విశాఖను మించిన ఊరు లేదు. ఎండ ముదరక ముందే ఆర్కే బీచ్‌లో నిలబడి, రేవులో చోటు కోసం బయటి లంగరులో ఆగి ఉన్న ఓడ మీద కెమెరా పెట్టండి. ఎపర్చర్‌ను పూర్తిగా తెరవండి. అంకె పెరిగే కొద్దీ ఎపర్చర్ చిన్నదవుతుంది కనుక ఎఫ్/8కో, ఎఫ్/11కో మూస్తే చిన్న లోపాలు స్పష్టతా పరిధిలో కలిసిపోయి దాగుతాయి, పరీక్ష వ్యర్థమవుతుంది. తెర మీద బొమ్మను పెద్దది చేసుకుని, ఓడ స్తంభాలనూ క్రేన్లనూ చూస్తూ ఫోకస్ రింగును మెల్లగా దూరం వైపు తిప్పండి. అవి గీతల్లా తేలి, రింగు ఆగే చోటుకు కాస్త ముందే మళ్ళీ మసకబారడం మొదలైతే అడాప్టర్ మంచిదే. రింగు ఆగేంతవరకూ ఇంకా ఇంకా స్పష్టపడుతూనే ఉంటే అది మందమైనదని అనుమానించి, దుకాణంవారు మార్చి ఇచ్చే గడువులోనే తిరిగి ఇచ్చేయాలి. మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. నీటి మీద వేడి గాలి ఆడుతూ ఎంత మంచి లెన్సులోనైనా ఓడను వణికిస్తుంది.

అడాప్టర్‌ను కొనే ముందు వెలుతురుకు ఎత్తి గొట్టం లోపలి గోడను కూడా చూడాలి. కొన్నిటిలో నల్లరంగు వేసినా అది నిగనిగలాడుతూ ఉంటుంది. సముద్రం మీది తెల్లని ఆకాశం లెన్సులోంచి దిగి ఆ గోడకు తగిలి సెన్సర్ మీద చల్లుకుంటుంది. బొమ్మ అంతా బూడిద పూసినట్టు వెలవెలబోతుంది, మనమేమో పాత లెన్సు ఇంతేనని దాని మీద నెపం వేస్తాం. నిగారింపు లేని నల్లని మఖమలు కాగితాన్ని లోపల అతికిస్తే ఈ బెడద చాలా వరకు తగ్గుతుంది.

వ్యాసంలో ఒక్క మాటైనా లేని మరో భాగం, లెన్సు వెనుక ఉండే పిన్ను. తరువాతి కాలపు ఎం42 లెన్సుల్లో, మర లోపలి అంచున, అగ్గిపుల్ల కన్నా సన్నని లోహపు పిన్ను ఒకటి పొడుచుకుని ఉంటుంది. వేలితో నొక్కితే ఎపర్చర్ రేకులు టక్కున మూసుకుంటాయి, వదిలితే తెరుచుకుంటాయి. పాత కెమెరాలో షట్టర్ నొక్కిన క్షణంలో లోపలి పలక ఒకటి వచ్చి ఆ పిన్నును నొక్కేది. డిజిటల్ కెమెరాలో ఆ పలక లేదు. అందువల్ల లెన్సు మీద ఎఫ్/8 పెట్టినా, ఎఫ్/16 పెట్టినా రేకులు కదలవు. బొమ్మ ఎప్పుడూ పూర్తిగా తెరిచిన లెన్సుతోనే పడుతుంది. పెంటాక్స్ వారి సూపర్ టాకుమార్ వంటి వాటికి పక్కన ఒక మీట ఉంటుంది, దాన్ని ఎం (మాన్యువల్) వైపు జరిపితే పిన్నుతో పని లేకుండా రేకులు రింగు మాట వింటాయి. హీలియోస్ 44ఎం మీద ఈ మీట ఉంది, దాని తరువాత వచ్చిన 44ఎం-4 మీద లేదు. మీట లేని లెన్సుకు, లోపల చిన్న అరుగు ఉండి పిన్నును ఎల్లప్పుడూ నొక్కి పట్టే అడాప్టర్ కావాలి. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే 44-2కు అసలు పిన్నే లేదు. దానికి రెండు రింగులు ఉంటాయి: ఒకటి ఏ అంకె దాకా మూయాలో నిర్ణయిస్తుంది, రెండోది రేకులను ఆ అంకె వరకూ తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఏ అడాప్టర్‌తోనైనా అది బాగా పనిచేస్తుంది.

మర చూడటానికి ఒకలాగే ఉన్నంత మాత్రాన అన్నీ ఎం42 కావు. తొలినాటి జెనిట్ల మర 39 మి.మీ.; వాటి లెన్సుకు 39 నుంచి 42కు పెంచే సన్నని రింగు వేసుకుంటే ఇంచుమించు సరిపోతుంది. అదే 39 మి.మీ. వ్యాసంతో లైకా, ఫెడ్, జోర్కి కెమెరాల లెన్సులూ ఉన్నాయి గాని వాటి దూరం 28.8 మి.మీ. కనుక వాటిని ఏ డీఎస్‌ఎల్‌ఆర్‌కు పెట్టినా దూరం కనబడదు. మిర్రర్‌లెస్‌కు పొట్టి అడాప్టర్‌తో చక్కగా పనికొస్తాయి. టెలిస్కోపులకు, కొన్ని పొడవాటి టెలి లెన్సులకు వాడే టి మౌంటు కూడా 42 మి.మీ.దే, కాని దాని మర చుట్టుకు 0.75 మి.మీ. మాత్రమే కదులుతుంది. మొదటి చుట్టు ఎక్కినట్టే ఎక్కి పట్టేస్తుంది. అక్కడ బలం చూపిస్తే రెండు మరలూ అరిగిపోతాయి. చేత్తో తిప్పుతుంటే నునుపుగా దిగని లెన్సును అక్కడితో ఆపాలి.

కెమెరాలో చేసుకోవలసిన మార్పులు తక్కువే. లెన్సు లేకుండా షట్టర్ పనిచేసే ఆప్షన్‌ను మెనూలో ఆన్ చేయాలి, ఎపర్చర్ ప్రయారిటీ (ఎపర్చర్ మనం పెడితే షట్టర్ వేగాన్ని కెమెరా చూసుకునే పద్ధతి) పెట్టుకోవాలి, ఫోకస్ పీకింగ్ (స్పష్టంగా ఉన్న అంచులను తెర మీద రంగుతో చూపే సదుపాయం) ఆన్ చేసుకోవాలి. కెమెరా బాడీలోనే స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉంటే దానికి లెన్సు నాభ్యంతరం మనమే చెప్పాలి. ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా వారు ఇక్కడ ఒకటిన్నరతో గుణించి రాయకూడదు. లెన్సు మీద 58 ఉంటే 58 అనే రాయాలి.

మన సముద్రపు గాలి గురించి కూడా చెప్పాలి. తోలు సంచిలో ఏళ్ళ తరబడి ఉన్న లెన్సు లోపల సాలెగూడు పోగుల్లా ఫంగస్ పట్టి ఉండవచ్చు. వెనుక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూస్తే తెలిసిపోతుంది. తొందరగా శుభ్రం చేయిస్తే పోతుంది. ఆలస్యమైతే గాజు మీది పూతను తినేసి మచ్చ మిగులుస్తుంది. తోలు సంచి పారేసి, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టుకోవడం తేలికైన మార్గం. వ్యాసకర్త భయపెట్టిన రేడియోధార్మికత సంగతికి వస్తే, సూపర్ టాకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 లెన్సుల్లో చాలా వాటికి థోరియం కలిసిన గాజు వాడారన్నది నిజమే. ఆ గాజు కాలక్రమంలో టీ రంగుకు తిరుగుతుంది, అతినీలలోహిత కాంతిలో ఉంచితే చాలా వరకు తేటపడుతుంది. కెమెరాకు తగిలించి బొమ్మలు తీసుకునేవారికి దానివల్ల భయపడవలసింది లేదు. గాజును విప్పి అరగదీయడం మాత్రం ఎవరూ చేయరాదు.

హీలియోస్‌తో తీస్తే వెనకాల ఆకులు సుడి తిరుగుతాయని ఇప్పుడు యువకులు దాని వెంట పడుతున్నారు. ఆ సుడి రావాలంటే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ ఉండాలి, లెన్సు ఎఫ్/2కు తెరిచి ఉండాలి, మనిషి దగ్గరగా, వెనుక చెట్లు కొంత దూరంగా ఉండాలి. చిన్న సెన్సర్ అంచులను కోసేస్తుంది కనుక సుడిలో చాలా భాగం పోతుంది. నా మట్టుకు నాకు ఆ లెన్సు నచ్చేది సుడి కోసం కాదు, ఎఫ్/5.6 దగ్గర ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసుకునేవారి చేతులను, నైలాన్ దారపు ముళ్ళతో సహా, అది చూపించే తీరు కోసం. పెళ్ళిళ్ళకు మాత్రం దీన్ని తీసుకెళ్ళమని ఎవరికీ చెప్పను. తలంబ్రాల వేళ చేత్తో ఫోకస్ తిప్పుకుంటూ కూర్చుంటే పెళ్ళివారు ఊరుకోరు.

తమరికి నా విన్నపం రెండు విషయాలకే పరిమితం. మొదటిది, నికాన్ ఎఫ్ మౌంటుకు సంబంధించిన సవరణను వచ్చే ఆదివారం అదే పేజీలో ప్రచురించడం. చోటు తక్కువైతే ఎం42 45.46, నికాన్ ఎఫ్ 46.5, కెనాన్ ఇఎఫ్ 44, సోనీ ఇ 18, నికాన్ జడ్ 16 అన్న అంకెలు వేసినా చాలు. రెండోది మన నగరంలో అడాప్టర్లు అమ్మేవారికి. పెట్టె మీద మౌంటు పేరుతో పాటు గాజు ఉందా లేదా, పిన్నును నొక్కే అరుగు ఉందా లేదా, దూరపు ఫోకస్ అందుతుందా లేదా అన్న మూడు సంగతులు తెలుగులో చీటీ రాసి అతికించమని మీ పత్రిక ద్వారా వారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం.